వానలో దారి చూపిన మేరీ ఆండర్సన్

మన సంఘాల్లో అప్పు తీసుకుని ఆటోలు, ట్రాలీ బండ్లు కొనుక్కున్న కుటుంబాలు ఉన్నాయి. వానాకాలంలో ఆ బండ్ల ముందు అద్దం తుడిచే వైపర్‌కు పేటెంట్ పొంది, పని చేసేలా రూపం ఇచ్చింది ఒక ఆడమనిషే అని చాలామందికి తెలియదు. అందుకే ఈ ఏటి నివేదికలో మేరీ ఆండర్సన్ జీవితం చెప్పుకుంటున్నాం.

మేరీ 1866లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పుట్టింది. నాలుగేళ్ళకే తండ్రి పోయాడు. 1889లో తల్లి, తోబుట్టువుతో కలిసి బర్మింగ్‌హామ్ పట్టణానికి చేరి, అక్కడ అద్దెకిచ్చే ఇళ్ళ భవనం కట్టించింది. తర్వాత కొన్నేళ్ళు కాలిఫోర్నియాలో పశువులనూ, ద్రాక్షతోటనూ చూసుకుంది. ఆమె ఇంజనీరు కాదు.

1902-03 చలికాలంలో న్యూయార్క్ వెళ్ళి ట్రామ్ బండి ఎక్కింది. బయట మంచు కలిసిన వాన. అద్దంలోంచి దారి కనబడక డ్రైవరు ముందు కిటికీ తెరిచి నడుపుతున్నాడు. చలిగాలి లోపలికి కొడుతోంది. బండి లోపల కూర్చునే అద్దం తుడవలేమా అని మేరీ ఆలోచించింది. ఇంటికెళ్ళి బొమ్మ గీయించి, నమూనా చేయించింది. లోపల ఒక పిడి, బయట స్ప్రింగుతో అద్దానికి ఆనుకునే చేయి, దానికి రబ్బరు పట్టీ. పిడి తిప్పితే అద్దం శుభ్రం. 1903 నవంబరు 10న 17 ఏళ్ళ పేటెంట్ హక్కు దక్కింది.

హక్కు కాగితం వచ్చింది గానీ కొనేవాళ్ళు రాలేదు. 1905లో కెనడాలోని ఒక కంపెనీకి రాస్తే, దీనికి వ్యాపార విలువ లేదని తిప్పి పంపారు. అప్పటికి కార్లే తక్కువ. ఫోర్డ్ మోడల్ టి వచ్చింది 1908లో. కార్లు పెరిగేసరికి, 1920లో ఆమె హక్కు గడువు తీరిపోయింది. 1922లో క్యాడిలాక్ కంపెనీ తన కార్లన్నిటికీ వైపర్లు బిగించడం మొదలుపెట్టింది. మేరీకి పైసా రాలేదు. అద్దె ఇళ్ళు చూసుకుంటూనే 1953లో, 87వ ఏట కన్నుమూసింది. అమెరికా ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఆమె పేరు చేరింది 2011లో.

ఇప్పుడు వైపర్‌ను మోటారు తిప్పుతోంది. కానీ స్ప్రింగు ఒత్తిడి, రబ్బరు పట్టీ మాత్రం మేరీ నాటివే. చెడిపోయేదీ ఎక్కువగా అవే. అద్దం మీద గీతలు పడుతుంటే ముందు తడిగుడ్డతో రబ్బరు అంచు తుడవండి, దుమ్ము పోతుంది. అయినా గీతలు పోకపోతే రబ్బరు అరిగినట్టే, మార్చాలి. అద్దం మసకగా ఉంటే నూనె జిడ్డు ఉన్నట్టు, సబ్బునీళ్ళతో కడగాలి. వైపర్ కిచకిచమంటూ ఎగిరితే రబ్బరు ఎండకు గట్టిపడి ఉండొచ్చు, లేదా చేయి వంగి ఉండొచ్చు. ఒకేచోట నీళ్ళు వదిలేస్తుంటే స్ప్రింగు చూపించండి. పొడి అద్దం మీద వైపర్ తిప్పొద్దు, ముందు నీళ్ళు చల్లండి. మన ఎండలకు రబ్బరు త్వరగా పాడవుతుంది కాబట్టి తొలకరికి ముందే ఒకసారి చూసుకోవాలి. రబ్బరు ఖర్చు కొంచెమే, రాత్రి వానలో దారి కనబడకపోతే పోయేది ప్రాణం.

మేరీ దగ్గర తెలివి ఉంది, పనిచేసే వస్తువు ఉంది, హక్కు కాగితమూ ఉంది. వెనక నిలబడి పది గడపలు తిరిగేవాళ్ళే లేకపోయారు. మన సభ్యురాలు తెచ్చిన సరుకును ఒక వ్యాపారి వద్దంటే, అది పనికిరాదని మనమూ అనేయకూడదు. రెండో గడపకు ఆమెతో పాటు సంఘం కూడా నడవాలి.