కాలేజీలో సీటే కాదు.. ఉండటానికి చోటూ ఇచ్చారు! ఎవరీ రఘుపతి వెంకటరత్నం నాయుడు?

కాకినాడ పీఆర్ కాలేజీ తెలుసు కదా! వందేళ్ల కిందటే అక్కడ అబ్బాయిలతో పాటు అమ్మాయిలకూ క్లాసులు చెప్పించిన ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు. 1862లో మచిలీపట్నంలో పుట్టారు. బ్రహ్మసమాజ నేత. ఎప్పుడూ తెల్లబట్టలే!

అప్పట్లో దళిత విద్యార్థికి అడ్మిషన్ ఇచ్చేస్తే సరిపోదు. రాత్రికి ఎక్కడుంటాడు? ఎక్కడ తింటాడు? ఊళ్లో గది అద్దెకిచ్చేదెవరు? అసలు చిక్కు అక్కడే. అందుకే, తనను గురువుగా భావించే పిఠాపురం మహారాజా సూర్యారావు సాయంతో కాకినాడలో వాళ్లకు హాస్టల్ పెట్టించారు. అనాథ పిల్లలకూ నీడ దొరికింది.

ఈ మాస్టారే 1925లో మద్రాస్ యూనివర్సిటీ వైస్ చాన్సలర్ అయ్యారు. మూడేళ్లు ఆ పదవిలో ఉన్నారు. 1939లో కన్నుమూశారు.