ఈలై విట్నీ - ప్రత్తి యంత్రము

ప్రత్తికాయ పగిలినప్పుడు తెల్లని దూది కన్నులకింపుగా నుండును. కాని ఆ దూదిని అంటిపెట్టుకొనియుండు గింజలను వేఱుచేయుట యెంత ప్రయాసమో చేతితో ఒలిచినవారికే తెలియును. ఆ పనిని సులభము చేసి, తన దేశచరిత్రనే మార్చిన పురుషుడు ఈలై విట్నీ. అతని బుద్ధి మెచ్చదగినది. అతని కృషివలన కలిగిన ఫలము మాత్రము మేలుకీడుల కలగలుపు. ఈ రెంటిని తెలిసికొనుట విద్యార్థులకు అవసరము.

విట్నీ 1765 సంవత్సరము డిసెంబరు 8వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సునందు వెస్టుబరో అను గ్రామమున రైతుకుటుంబములో జన్మించెను. బాల్యముననే తల్లి గతించెను. తండ్రికి ఇంటియొద్ద చిన్న పనిశాల యుండెను. బాలునికి సేద్యముకంటె ఆ పనిశాలయందే మక్కువ మెండు. స్వాతంత్ర్యయుద్ధ కాలమున ఇంగ్లండునుండి మేకుల దిగుమతి నిలిచిపోగా, అతడు చిన్నవయస్సులోనే మేకులుచేసి అమ్మెను. యుద్ధము ముగిసి మేకులకు గిరాకి తగ్గగా నిరాశచెందక, టోపీలకు గ్రుచ్చు పిన్నులను, చేతికఱ్ఱలను చేయసాగెను.

అతనికి ఉన్నతవిద్యయందు ఆశ కలిగెను. అందులకై పల్లెబడులలో పాఠములుచెప్పి సొమ్ము కూడబెట్టి, 1789లో తన ఇరువదిమూడవయేట యేలు కళాశాలలో ప్రవేశించెను. వయస్సు మీఱినదని చదువు మానుకొనలేదు. 1792లో పట్టభద్రుడై, దక్షిణదేశమున ఒక గృహములో ఉపాధ్యాయపదవి లభించునను నమ్మికతో ఓడనెక్కెను. కాని ఆ ఉద్యోగము అనుకొన్నట్లు కుదరలేదు. అప్పుడు జార్జియాలోని సవన్నా పట్టణ సమీపమున, మల్బరీగ్రోవు అను తోటలో, సేనాని నథానియేలు గ్రీను వితంతువగు కాథరీను గ్రీను అతనికి ఆశ్రయమిచ్చెను.

ఆనాటి జార్జియా స్థితిని కొంచెము తెలుపవలసియున్నది. 1733లో ఓగుల్‌తోర్పు స్థాపించిన ఈ వలసలో మొదట బానిసత్వము నిషిద్ధము. 1751లో ఆ నిషేధమును తొలగించిరి. సముద్రతీరమున వరి, నీలి పండించుచుండిరి. పొడవైన పోగుగల ప్రత్తి తీరభూములలో మాత్రమే పండును. దాని గింజ నున్నగా నుండుటచే రెండు రోలర్ల నడుమ సులభముగా ఊడివచ్చును. మన దేశపు స్త్రీలు ఇట్టి రాట్నములతో అనేక శతాబ్దములుగా గింజలు తీయుచునే యుండిరి. లోనాటి మెరకభూములలో పండునది పొట్టిపోగు ప్రత్తి. దాని పచ్చగింజకు దూది గట్టిగా అంటుకొనియుండును. ఒకరు దినమంతయు చేతితో ఒలిచినను ఒక పౌను దూది వచ్చుట కష్టము. ఇంగ్లండులో క్రొత్త నూలుయంత్రములు దూదికై అఱ్ఱులు చాచుచుండగా, ఇక్కడ ప్రత్తి పండించియు లాభము లేకుండెను.

ఈ చిక్కును విట్నీ వినెను. 1793లో కొలదిమాసములలోనే ఒక నమూనాను నిర్మించెను. కొయ్య దిమ్మకు ఇనుపతీగ పండ్లు అమర్చి త్రిప్పినచో, అవి సన్నని సందులగుండ దూదిని ఈవలికి లాగును. ఆ సందులు గింజకంటె ఇఱుకగుటచే గింజ ఆవలనే నిలిచిపోవును. వెనుక ఎదురుదిశగా తిరుగు బ్రష్షు పండ్లనంటిన దూదిని ఊడ్చివేయును. యంత్రము ఇంతే. ఒక మనిషి పాతపద్ధతికి పదిరెట్లు పని చేయగలిగెను. గుఱ్ఱమును కట్టినచో ఏబదిరెట్లు జరుగునని విట్నీ లెక్కవేసెను.

1794 మార్చి 14న దానికి పేటెంటు లభించెను. కాని కష్టములు అప్పుడే ఆరంభమయ్యెను. విట్నీయు, అతని భాగస్వామి ఫీనియసు మిల్లరును రైతుల ప్రత్తిని తామే శుభ్రపఱచి, అందులో అయిదింట రెండు పాళ్లు ప్రతిఫలముగా పుచ్చుకొనదలచిరి. రైతులకది దుర్భరమయ్యెను. యంత్రము చూచినంతనే ఏ వడ్రంగియైనను చేయగలుగునంత సులభమైనది. ఊరూర నకళ్లు వెలసెను. 1795లో న్యూహేవెనునందలి కర్మాగారము అగ్నికాహుతియయ్యెను. వ్యాజ్యములు ఏండ్లకొలది సాగెను. దక్షిణ కరొలినా ప్రభుత్వము హక్కునకై 50,000 డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొనెను. 1807లో జార్జియా న్యాయస్థానమున అతనికి అనుకూలమైన తీర్పు వచ్చెను. కాని అప్పటికి పేటెంటు గడువు తీఱవచ్చెను. 1812లో పొడిగింపుకోరగా కాంగ్రెసు నిరాకరించెను. వచ్చిన సొమ్ములో అధికభాగము వ్యాజ్యములకే వ్యయమయ్యెను.

విట్నీ కృంగిపోలేదు. 1798లో ప్రభుత్వమునకు 10,000 తుపాకులు చేసియిచ్చుటకు ఒప్పందము కుదుర్చుకొనెను. రెండేండ్ల గడువు పదేండ్లయినను, 1809 నాటికి దానిని నెఱవేర్చెను. 1817లో వివాహమాడి, 1825 జనవరి 8న మరణించెను.

ఇక యంత్రఫలమును విచారింతము. 1860 నాటికి అమెరికా ఎగుమతుల విలువలో సగమునకుపైగా ప్రత్తిదే. జార్జియా ఒక్కటియే ఆ యేట సుమారు 7 లక్షల బేళ్లు పండించెను. ఆగస్టా, కొలంబసు పట్టణములలో నూలుమిల్లులు వెలసెను. గింజతీయు శ్రమ తగ్గెను. కాని నాటుటకు, కలుపుతీయుటకు, ఏరుటకు చేతులు కావలెను. ఆ చేతులు బానిసలవి. 1790లో జార్జియాయందు బానిసలు సుమారు 29,000 మంది. 1860లో 4,62,000 మంది. దేశమంతట 7 లక్షలనుండి 40 లక్షలకు చేరిరి. 1808నుండి విదేశములనుండి బానిసలను తెచ్చుట నిషిద్ధమైనందున, వర్జీనియా మొదలగు ప్రాంతములనుండి మనుష్యులను కొని దక్షిణమునకు తోలుకొనిపోయిరి. తల్లి యొకచోట, బిడ్డ యొకచోట అమ్ముడుపోయిరి. క్షీణించునని కొందఱు తలచిన బానిసత్వమునకు ప్రత్తి క్రొత్త బలమునిచ్చెను.

1861నుండి 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధమువలన ఆ దురాచారము అంతరించెను. ఆ యుద్ధకాలమున అమెరికా ప్రత్తి నిలిచిపోగా, మన బళ్లారి, కర్నూలు మండలముల నల్లరేగడి ప్రత్తికిని ధర పెరిగి, యుద్ధానంతరము మరల పడిపోయెను. జార్జియాలో 1911లో సుమారు 28 లక్షల బేళ్లు పండెను. 1915లో కాయతొలుచు పురుగు ప్రవేశించి పంటను నాశనము చేయగా, 1983 నాటికి పంట 1,12,000 బేళ్లకు దిగజారెను. 1987లో ఆరంభించిన పురుగు నిర్మూలనోద్యమముచే ఆ రాష్ట్రము మరల ప్రత్తిసీమలలో ముందుకు వచ్చెను.

విద్యార్థులారా! మేకులుచేసిన బాలుడు, బడిపంతులై చదువుకొన్న యువకుడు, ఓడినను పనిమానని పురుషుడు మనకు ఆదర్శప్రాయుడే. కాని యంత్రమునకు కనికరము లేదు. అది ఒకని శ్రమను తగ్గించి మఱియొకని మెడపై కాడిమోపవచ్చును. కనుక రేపు మీరు ఏ సాధనమును కల్పించినను, అది ఎంత పని చేయునో లెక్కించుటతో తృప్తిచెందక, ఆ పనివలన ఎవరి భారము తగ్గునో, ఎవరి భారము పెరుగునో కూడ లెక్కింపుడు. ఆ రెండవ లెక్క తప్పినచో మొదటి లెక్క ఎంత సరియైనను ప్రయోజనము లేదు.