ఒట్టో ష్మిత్

ఒట్టో యూలియెవిచ్ ష్మిత్ (సెప్టెంబరు 30, 1891 - సెప్టెంబరు 7, 1956) సోవియట్ యూనియన్‌కు చెందిన ప్రముఖ గణిత శాస్త్రవేత్త, భూభౌతిక శాస్త్రవేత్త, ధ్రువ యాత్రికుడు మరియు విజ్ఞాన సర్వస్వ సంపాదకుడు. ఉత్తర ధ్రువ ప్రాంతములో చేసిన సాహస యాత్రల వలన ఈయన పేరు తన కాలములో ప్రపంచమంతటా మారుమ్రోగింది. శాస్త్ర చరిత్రలో మాత్రము ఈయన స్థానము మరొక విషయముపై ఆధారపడి ఉంది. భూమి మొదలైన గ్రహాలు మండుతున్న వాయువు చల్లబడగా ఏర్పడినవి కావనీ, సూర్యుని చుట్టూ తిరిగిన చల్లని ధూళి కణాలు ఒకదానితో ఒకటి చేరి క్రమముగా పెరిగినవనీ ఈయన 1944లో ప్రతిపాదించాడు. ఈ సిద్ధాంతములో ఒక భాగము తరువాత వీగిపోయింది. రెండవ భాగము నేటి గ్రహోత్పత్తి శాస్త్రానికి పునాదులలో ఒకటిగా నిలిచింది.

బాల్యము, విద్య

ష్మిత్ అప్పటి రష్యా సామ్రాజ్యములోని (నేటి బెలారుస్) మొగిల్యోవ్ పట్టణములో జన్మించాడు. తండ్రి జర్మన్ సంతతికి చెందినవాడు, తల్లి లాట్వియా సంతతికి చెందినది. 1909లో కీవ్ విశ్వవిద్యాలయములో చేరి, ద్మిత్రీ గ్రావె వద్ద బీజగణితము అభ్యసించి, 1913లో పట్టభద్రుడైనాడు. విద్యార్థి దశలో తాను చదవదలచిన పుస్తకాల పట్టిక వ్రాసుకొని లెక్క వేయగా అందుకు వెయ్యి సంవత్సరాలు పడుతుందని తేలిందనీ, ఎంత తగ్గించినా 250 సంవత్సరాలకు దిగలేదనీ ఈయనను గురించి ఒక కథ ప్రచారములో ఉంది.

గణితశాస్త్ర కృషి

ఈయన పరిశోధనలు ముఖ్యముగా సమూహ సిద్ధాంతానికి చెందినవి. 1916లో సమూహాల అమూర్త సిద్ధాంతముపై ఒక గ్రంథము ప్రచురించాడు. కొన్ని నియమాలకు లోబడిన సమూహాన్ని ఇక విడదీయరాని భాగాలుగా విడదీస్తే, ఏ విధముగా విడదీసినా సారాంశములో అవే భాగాలు వస్తాయని తెలిపే సిద్ధాంతము నేటికీ క్రుల్-ష్మిత్ సిద్ధాంతముగా పాఠ్య గ్రంథాలలో కనిపిస్తుంది. 1929లో మాస్కో విశ్వవిద్యాలయములో ఉన్నత బీజగణిత శాఖను నెలకొల్పాడు.

విప్లవానంతరము ఈయన ఆహార, ఆర్థిక శాఖలలోను, ప్రభుత్వ ప్రచురణ సంస్థలోను బాధ్యతలు నిర్వహించాడు. 1924 నుండి 1941 వరకు బృహత్ సోవియట్ విజ్ఞాన సర్వస్వానికి ప్రధాన సంపాదకుడు. యౌవనము నుండి క్షయవ్యాధితో బాధపడుతున్నప్పటికీ పర్వతారోహణ నేర్చుకొని, 1928లో పామీర్ పర్వతాలకు వెళ్ళిన సోవియట్-జర్మన్ యాత్రలో పాల్గొన్నాడు.

ధ్రువ యాత్రలు

1932లో ష్మిత్ నాయకత్వములో సిబిర్యకోవ్ అనే నౌక రష్యా ఉత్తర తీరము వెంబడి సాగి, దారిలో శీతాకాలము గడపకుండా ఒకే ఋతువులో పసిఫిక్ మహాసముద్రాన్ని చేరింది. ఇది అంతకు ముందు ఎవరూ సాధించనిది. ఆ విజయముతో ఉత్తర సముద్ర మార్గ నిర్వహణకై ఏర్పడిన సంస్థకు ఈయన అధిపతి అయినాడు.

మరుసటి సంవత్సరము అదే మార్గములో బయలుదేరిన చెల్యూస్కిన్ నౌక చుక్చీ సముద్రములో మంచులో చిక్కుకొని, 1934 ఫిబ్రవరి 13న మంచు ఒత్తిడికి నలిగి మునిగిపోయింది. ఒకరు మరణించగా, స్త్రీలు మరియు ఇద్దరు పసిపిల్లలతో సహా 104 మంది తేలియాడే మంచుపై మిగిలారు. రెండు నెలల పాటు గుడారాలలో గడిపిన ఆ సమూహములో క్రమశిక్షణ చెడకుండా ష్మిత్ కాపాడాడు. ధైర్యము సడలకుండా ఉపన్యాసాలు కూడా ఇచ్చేవాడు. విమానాలు విడతలు విడతలుగా అందరినీ రక్షించాయి. తీవ్రమైన న్యుమోనియా సోకిన ష్మిత్‌ను అలాస్కాకు తరలించారు. చివరి వారు ఏప్రిల్ 13న ఒడ్డు చేరారు.

1937 మే 21న ఈయన నాయకత్వములో విమానము ఉత్తర ధ్రువము సమీపములో దిగి, నలుగురు పరిశోధకులతో తేలియాడే కేంద్రాన్ని నెలకొల్పింది. ఇందుకు ష్మిత్‌కు సోవియట్ యూనియన్ వీర బిరుదు లభించింది. కాని అదే సంవత్సరము అనేక నౌకలు మంచులో చిక్కుకొనగా సంస్థపై తీవ్ర విమర్శలు వచ్చాయి. సిబ్బందిలో పలువురు అరెస్టయ్యారు. 1939లో ఈయన స్థానములో, ధ్రువ కేంద్రానికి నాయకుడుగా ఉన్న పపానిన్ నియమితుడైనాడు. అదే సంవత్సరము లభించిన విజ్ఞాన శాస్త్రాల అకాడమీ ఉపాధ్యక్ష పదవి నుండి కూడా 1942లో తొలగించబడ్డాడు. పదవులు పోయిన ఈ కాలములోనే ఈయన గ్రహాల పుట్టుకపై పూర్తిగా దృష్టి నిలిపాడు.

గ్రహోత్పత్తి సిద్ధాంతము

అప్పటికి ప్రచారములో ఉన్న జేమ్స్ జీన్స్ సిద్ధాంతము ప్రకారము, సూర్యుని సమీపముగా వెళ్ళిన ఒక నక్షత్రము లాగివేసిన వేడి వాయువు నుండి గ్రహాలు ఏర్పడ్డాయి. 1930లలోనే దీనిలోని లోపాలు బయటపడ్డాయి. సౌరకుటుంబ ద్రవ్యరాశిలో 99.8 శాతము పైగా సూర్యునిలో ఉన్నా, కోణీయ ద్రవ్యవేగములో అధిక భాగము గ్రహాలలోనే ఉండటము అసలు చిక్కు ప్రశ్న.

సూర్యుడు పాలపుంతలో ప్రయాణిస్తూ ఒక వాయు ధూళి మేఘములో కొంత భాగాన్ని తన ఆకర్షణకు లోబరచుకొన్నాడని ష్మిత్ సమాధానము చెప్పాడు. మేఘము బయటనుండి వచ్చినది కనుక దాని భ్రమణము సూర్యుని భ్రమణముపై ఆధారపడదు. ఆ తరువాతి భాగము మరింత విలువైనది. లెక్కలేనన్ని కణాలు వేర్వేరు కక్ష్యలలో తిరుగుతూ ఢీకొనటము వలన మేఘము పలుచని పళ్ళెముగా మారుతుంది, కణాలు కలిసి పెద్ద పిండాలవుతాయి. ఒక గ్రహములో చేరిన కణాల చలనాలు సగటుపడటము వలన గ్రహ కక్ష్యలు దాదాపు వృత్తాకారముగా, ఇంచుమించు ఒకే తలములో ఉంటాయి. సూర్యుని దగ్గర వేడికి మంచు నిలువదు కనుక అక్కడ చిన్నవైన రాతి గ్రహాలు, దూరాన పెద్ద గ్రహాలు ఏర్పడ్డాయి. భూమి చల్లగానే పుట్టి, తరువాత రేడియోధార్మికత వలన లోపల వేడెక్కిందని ఈయన భావించాడు.

ఈ విషయాలను నాలుగు ఉపన్యాసాలుగా 1949లో గ్రంథ రూపములో వెలువరించాడు. 1951లో మాస్కోలో జరిగిన సదస్సులో ఈ సిద్ధాంతముపై విస్తృత చర్చ జరిగింది. సూర్యుడు మేఘాన్ని పట్టుకొన్నాడన్న భాగమే ఎక్కువ విమర్శకు గురి అయింది.

తదనంతర పరిణామాలు

ఆ విమర్శ సరియైనదే. నక్షత్రము పుట్టిన మేఘములోనే దాని చుట్టూ పళ్ళెము కూడా ఏర్పడుతుందని నేడు తెలుసు. ధూళి పెరుగుదల భాగాన్ని మాత్రము ష్మిత్ బృందములోని విక్టర్ సఫ్రోనోవ్ కొత్త గణితముతో తీర్చిదిద్దాడు. భూమి పెరగటానికి సుమారు 10 కోట్ల సంవత్సరాలు పట్టిందని లెక్కగట్టాడు. 1969లో వెలువడిన ఆయన గ్రంథము 1972లో ఆంగ్లములోకి అనువదించబడి అంతర్జాతీయ పరిశోధనలకు ఆధారమైంది.

మైక్రోమీటరు స్థాయి ధూళి కణాలు మెల్లగా తాకినపుడు అణువుల మధ్య ఆకర్షణ వలన అంటుకొంటాయి. మిల్లీమీటరు పరిమాణానికి పెరిగిన ధూళి వెలువరించే తరంగాలను రేడియో దూరదర్శినులు గుర్తించగలవు. 2014లో చిలీలోని ఆల్మా దూరదర్శిని, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరములో ఉన్న హెచ్ఎల్ టౌరీ అనే శిశు నక్షత్రము చుట్టూ ఉన్న ధూళి పళ్ళెమును, అందులోని వలయాలను స్పష్టముగా చూపింది. అయితే మీటరు పరిమాణములోని పిండాలు వాయువు నిరోధము వలన వేగము కోల్పోయి నక్షత్రము వైపు జారిపోవలసి ఉంటుంది. ఈ అడ్డంకిని ధూళి ఎలా దాటుతుందనేది నేటికీ ప్రధాన పరిశోధనాంశము.

చివరి రోజులు, గుర్తింపు

క్షయవ్యాధి ముదరటముతో ష్మిత్ 1949లో తాను స్థాపించిన భూభౌతిక సంస్థ సంచాలక పదవిని వదులుకొన్నాడు. చివరి సంవత్సరాలలో ఎక్కువ కాలము మంచముపైనే గడిపినా తన సిద్ధాంతానికి మెరుగులు దిద్దటము మానలేదు. 1956 సెప్టెంబరు 7న మాస్కోలో మరణించాడు. సఫ్రోనోవ్ గ్రంథము వెలువడే నాటికి ఈయన మరణించి 13 సంవత్సరాలు గడిచాయి.

* మాస్కోలోని భూభౌతిక శాస్త్ర సంస్థకు ఈయన పేరు పెట్టారు.
* చుకోట్కా తీరములోని ఒక అగ్రము, ఉత్తర ధ్రువ ప్రాంతములోని ఒక ద్వీపము ఈయన పేరుతో ఉన్నాయి.
* 2108 సంఖ్య గల గ్రహశకలానికి ఒట్టో ష్మిత్ అని నామకరణము చేశారు.