రెండు మాత్రల వెనుక మన సుబ్బారావు గారు

నేను బురైమిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని, డాక్టరుని కాను. ఊళ్లో మా అమ్మ రుమటాయిడ్ కీళ్లవాతానికి రెండు మాత్రలు వాడుతుంది: మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్. వాటి గురించి చదివితే రెండింటి వెనుకా ఒకే తెలుగాయన కనిపించారు. ఆయనే ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్దిరోజుల తేడాలో ఇద్దరు సోదరుల్ని పొట్టన పెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న డిగ్రీ ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. 1922లో భార్యను ఇంట్లో వదిలి బోస్టన్ చేరారు. మళ్లీ ఇండియా చూడలేదు. హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు.

1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నడిపిన బృందం లివర్ నుంచి ఫోలిక్ యాసిడ్ వేరుచేసింది, 1945కల్లా ల్యాబులోనే తయారుచేసింది. స్ప్రూ రోగులకు అదే మందయింది. తర్వాత ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడే మందులు కూడా ఆ బృందమే చేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్.

ఈ కీళ్లవాతంలో మన రక్షణ వ్యవస్థే మన కీళ్ల మీద పడుతుంది. అది వదిలే ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ లాంటి ప్రోటీన్లు కీళ్ల దగ్గర రక్తనాళాల్ని వెడల్పు చేస్తాయి. రక్తం ఎక్కువగా చేరి వేడి, వాపు వస్తాయి. అవే రక్తంలో కలిసి లివర్‌కి చేరితే, అది మామూలు పనులు తగ్గించి సీఆర్పీ అనే ప్రోటీన్ ఎక్కువగా చేస్తుంది. డాక్టర్లు సీఆర్పీ పరీక్ష రాసేది అందుకే. మెథోట్రెక్సేట్ ఈ గొడవను చల్లారుస్తుంది. కానీ లివర్‌ని దెబ్బతీసే ప్రమాదమూ ఉంది. అందుకే తరచూ లివర్ పరీక్షలు, తోడుగా ఫోలిక్ యాసిడ్. మందూ ఆయన చలవే, దానికి కాపలా కూడా ఆయన చలవే!

ఇవేవీ చూడకుండానే 1948లో న్యూయార్కులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ని అమెరికా ప్రభుత్వం ఆమోదించింది 1988లో, అంటే 40 ఏళ్ల తర్వాత.

మిత్రులారా, కీళ్లవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మీ అమ్మానాన్నలు వాడుతుంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఏ వారం వేసుకుంటున్నారో, లివర్ పరీక్ష ఎప్పుడు చేయించారో తప్పక అడగండి. అలాగే సుబ్బారావు గారి కథ మీ పిల్లలకు చెప్పండి.