నాందీశిల్పి సాల్ బాస్

మన నాటక సంప్రదాయంలో కథకు ముందు నాంది ఉన్నది, ప్రస్తావన ఉన్నది. సూత్రధారుడు రంగస్థలం మీదికి వచ్చి నాటకం పేరు, కవి పేరు చెప్పి ఊరుకోడు. ఆ మాటల నడుమనే రాబోయే కథకు ఒక సూచన చేసి తప్పుకుంటాడు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు తెనిగించిన అభిజ్ఞాన శాకుంతలం చదివినవారికి ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది. నటి పాడిన పాటకు పరవశించి సూత్రధారుడు తాము ఆడబోయే నాటకమేదో మరచిపోతాడు. ఆ చిన్న మరపు దుష్యంతుని పెద్ద మరపుకు ముంగుర్తు అని అప్పటికి మనకు తోచదు. కథ నడచిన తరువాత తోచి, కాళిదాసు నేర్పుకు ఆశ్చర్యపోతాము.

చలనచిత్రం వచ్చిన తరువాత ఈ ప్రస్తావన కళ చాలావరకు మూగపోయింది. ఒడంబడికల వల్లను, వృత్తిసంఘాల నిబంధనల వల్లను చిత్రంలో పనిచేసినవారి పేర్లు తెరపై చూపక తప్పదు గనుక చూపేవారు. అలంకారపు అక్షరాలతో వ్రాసిన పలకలు ఒకదాని వెనుక ఒకటి వచ్చేవి. లేకుంటే ఒక పుస్తకం తెరుచుకొని దాని పుటలపై పేర్లు కనిపించేవి. ఆ రెండు నిమిషాలూ ప్రేక్షకులు తమ ఆసనాలు వెతుక్కొనేందుకు, పక్కవారితో ముచ్చట ముగించేందుకు పనికివచ్చేవి. అమెరికాలో కొన్ని ప్రదర్శనశాలలవారు పేర్లను మూసిన పరదా మీదనే నడిపించి, అసలు కథ ఆరంభమైనప్పుడు మాత్రమే పరదా లాగేవారట. 1955లో ఒక చిత్రం డబ్బాలతోపాటు ప్రదర్శకులకు చిన్న చీటీ ఒకటి వెళ్ళినది. పేర్లు మొదలు కాకముందే పరదా తొలగించవలసినదని దాని సారాంశం. ఆ చీటీ అవసరమయ్యేటట్లు చేసినవాడు సాల్ బాస్.

ఆయన 1920 మే 8వ తేదీన న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ పేటలో జన్మించినాడు. తలిదండ్రులు తూర్పు యూరపునుండి వలసవచ్చిన యూదులు. తండ్రి జంతువుల ఉన్నిచర్మాలతో దుస్తులు కుట్టే వృత్తిలో ఉండేవాడు. బాలుడైన సాల్‌కు బొమ్మలు గీయడంలో ఆసక్తి మెండు. ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిదప మన్‌హటన్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగులో చిత్రలేఖనం నేర్చుకొన్నాడు. ప్రకటనల సంస్థలలో పని చేసినాడు. సినిమా కంపెనీల ప్రకటనలు కూర్చే పనీ ఆ రోజులలోనే పట్టుబడినది.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది బ్రూక్లిన్ కళాశాలలోని సాయంకాలపు తరగతి. అక్కడ జ్యోర్జ్ కెపెష్ అనే హంగరీ దేశీయుడు బోధించేవాడు. జర్మనీలో వర్ధిల్లి, నాజీల కాలంలో చెదరిపోయిన బౌహౌస్ కళాసంప్రదాయాన్ని అమెరికాకు తెచ్చినవారిలో ఆయన ఒకడు. ఒక గీత, ఒక చతురస్రం, ఒక రంగు వీటికి కూడా భాష ఉన్నదనీ, అనవసరమైనదానిని తొలగించినకొద్దీ మిగిలినదానికి బలం హెచ్చుతుందనీ కెపెష్ బోధ. 1944లో వెలువడిన ఆయన గ్రంథం ఈ భావాలనే వివరించినది. ఆ పాఠం సాల్ బాస్ కడదాకా మరువలేదు.

1946లో ఆయన లాస్ ఏంజిలిస్ చేరినాడు. నాటి సినిమా గోడపత్రికలలో నాయికానాయకుల ముఖాలు, ముద్దు, కత్తియుద్ధం, పరుగెత్తే గుర్రం అన్నీ ఒకేచోట ఇరికించేవారు. ఏది ఎవరికి నచ్చునో తెలియదు గనుక అన్నీ పెట్టడం వర్తకుల నీతి. బాస్ దీనికి పూర్తిగా విరుద్ధమైన దారి పట్టినాడు. చిత్రానికంతటికీ ఒకే గుర్తు ఉండాలన్నది ఆయన పట్టుదల. దర్శకనిర్మాత ఆటో ప్రెమింజర్ 1954లో తన కార్మెన్ జోన్స్ చిత్రానికి గుర్తు గీయమన్నప్పుడు బాస్ ఒక గులాబీని, దానిలో మండే ఒక జ్వాలను గీసి ఇచ్చినాడు. అది చూసిన తరువాత ఆ బొమ్మనే తెరపై ఎందుకు కదిలించకూడదన్న ఆలోచన వారిద్దరి మధ్య పుట్టినది. జ్వాల తెరపై కదలినది. బాస్‌కు కొత్త వృత్తి ఏర్పడినది.

మరుసటి సంవత్సరం వచ్చిన ది మాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్ ఆ వృత్తికి గౌరవం తెచ్చినది. పేకముక్కలు పంచడంలో అందెవేసిన చేయి గల ఒక జూదగాడు మాదకద్రవ్యానికి బానిస అయిన కథ అది. ఫ్రాంక్ సినాట్రా నాయకుడు. నాటి హాలీవుడ్ నియమావళి అటువంటి వస్తువునే నిషేధించినది. ఆ చిత్రం అనుమతి ముద్ర లేకుండానే విడుదలైనది. ఇంత బరువైన కథకు బాస్ చేసిన ప్రస్తావనలో మనిషి లేడు, సూది లేదు. నల్లని తెరపై ఒక తెల్లని కడ్డీ దిగుతుంది. మరికొన్ని కడ్డీలు నలువైపులనుండి పొడుచుకొని వస్తాయి. వాటి సందులలో పేర్లు కనబడి మాయమవుతాయి. ఎల్మర్ బెర్న్‌స్టీన్ కూర్చిన జాజ్ సంగీతం వాటిని తరుముతూ ఉంటుంది. చివరకు కడ్డీలు ఒకటై, వంకరలు పోయి బిగుసుకొన్న ఒక చేయి అవుతాయి. జూదగాని అదృష్టమూ ఆ చేతిదే, పతనమూ ఆ చేతిదే. కథలో ఒక్క మాటైనా వినకముందే ప్రేక్షకుని మనస్సులో ఒక కలత ఏర్పడుతుంది.

బాస్ ప్రస్తావనలు చేసే పని రెండు విధాలు. మొదటిది ప్రేక్షకుని బయటి లోకంనుండి కథాలోకంలోనికి తీసుకొనిపోవడం; రెండవది కథను చెప్పకుండానే కథాసారాన్ని తాకించడం. చిత్రం మధ్యలో జరిగే సంగతులను ముందే చూపితే కుతూహలం చచ్చిపోతుంది. ఏమీ సూచించకపోతే పేర్ల పట్టిక మాత్రమే మిగులుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న సన్నని దారి ఆయన కనిపెట్టినాడు.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చిత్రాలు మూడింటికి ఆయన చేసిన పనిలో ఈ నేర్పు స్పష్టంగా కానవస్తుంది. 1958 నాటి వర్టిగోలో ముందు ఒక స్త్రీ ముఖం, పెదవులు, కళ్ళు అతిసమీపంగా కనబడతాయి. తెర ఎర్రబడుతుంది. కంటిపాపలోనుండి ఒక సుడి తిరుగుతూ వస్తుంది. దాని వెంట మరొకటి. జాన్ విట్నీ అనే శిల్పి యుద్ధకాలంలో విమానాలపై ఫిరంగి గురిపెట్టేందుకు వాడిన యంత్రభాగాలను మార్చుకొని ఈ సుడులను గీయించినాడు. బెర్నార్డ్ హెర్మాన్ సంగీతం కూడా అదే విధంగా తిరిగిన చోటికే తిరిగివస్తుంది. ఎత్తైన చోట్ల కళ్ళు తిరిగే ఒక మాజీ డిటెక్టివు ఒక స్త్రీ రూపాన్ని వెంబడించి, పోగొట్టుకొని, మరల అదే రూపాన్ని మరొకతెలో కల్పించబూనడం కథ. గంటగోపురం మెట్లలోను, నాయిక జుట్టుముడిలోను ఆ సుడియే దాగి ఉన్నదని తరువాత తెలుస్తుంది. శాకుంతల ప్రస్తావనలో మరపు చేసిన పనినే ఇక్కడ సుడి చేసినది.

1959లో నార్త్ బై నార్త్‌వెస్ట్ వచ్చినది. పచ్చని తెరపై గీతలు ఏటవాలుగా అల్లుకొంటాయి. పేర్లు ఆ గీతల వెంట ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. చూస్తుండగానే ఆ వల న్యూయార్కులోని అద్దాల మేడ అవుతుంది. దాని అద్దాలలో వీధి, వాహనాలు ప్రతిఫలిస్తాయి. లేని మనిషిగా పొరబడి శత్రువులు తరిమిన అమాయకుని కథకు ఆ వలకన్న తగిన నాంది లేదు. 1960లో వచ్చిన సైకోలో అడ్డంగా నిలువుగా పరుగెత్తే గీతలు పేర్లను ముక్కలు చేసి అతికిస్తాయి. చీలిన ఒక మనస్సు కథకు అది ముంగుర్తు.

ఇక్కడనే ఆయన జీవితంలోని చిక్కు ఎదురవుతుంది. ఇతరుల పేర్లకు శోభ కూర్చిన ఈ వ్యక్తి పేరు ఒక వివాదంలో పడినది. సైకోలో స్నానాల గదిలో జరిగే హత్య ప్రపంచ సినిమా చరిత్రలో ప్రసిద్ధమైన ఘట్టం. ఆ ఘట్టానికి వరుస చిత్రాలు గీసి ఇచ్చినవాడు బాస్. చిత్రసలహాదారుగా ఆయన పేరు తెరపై విడిగా ఉన్నది కూడా. తరువాతి కాలంలో ఆ ఘట్టానికి దర్శకత్వం వహించినది కూడా తానేనని ఆయన చెప్పుకొన్నాడు. ఆ దృశ్యంలో నటించిన జానెట్ లీ, సహాయ దర్శకుడు హిల్టన్ గ్రీన్ దీనిని ఖండించినారు. కెమెరా పక్కన నిలిచినవాడు హిచ్‌కాకేనని వారి సాక్ష్యం. ఆ గీతలలోని కోతలు, కోణాలు బాస్ చేతినుండి వచ్చినవన్న మాట మాత్రం ఎవరూ కాదనలేదు. గీసినవానిది ఎంత, తీసినవానిది ఎంత అన్న ప్రశ్న సమష్టి కళలన్నింటా ఉన్నదే. తనది కాని కీర్తికి చేయి చాచవలసిన అవసరం బాస్‌కు లేదు. అయినా చాచినాడంటే, పేర్ల పనివానిగా మాత్రమే మిగిలిపోతానేమో అన్న బాధ ఆయనలో ఉన్నదని ఊహించవచ్చు.

ఈ లెక్కలో మరొక పేరు కూడా ఉన్నది. ఎలైన్ మకటురా అనే యువతి 1950ల మధ్యలో ఆయన కార్యాలయంలో సహాయకురాలిగా చేరినది. 1961లో వారు దంపతులైనారు. స్పార్టకస్ మొదలుకొని ప్రస్తావనలలో ఆమె పాలు హెచ్చుతూ వచ్చినది. లోకం చాలాకాలం సాల్ బాస్ ఒక్కనినే గుర్తించినది. చివరి దశాబ్దపు చిత్రాలలో మాత్రం ఎలైన్, సాల్ అన్న రెండు పేర్లూ పక్కపక్కనే నిలిచినవి. అది న్యాయమైన మార్పు.

1961లో వచ్చిన వెస్ట్ సైడ్ స్టోరీలో ఆయన పేర్లను చిత్రం చివరకు మార్చినాడు. రెండు యువకుల ముఠాల పగలో ఒక ప్రేమ బలి అయిన కథ అది. కథ ముగిసిన పిదప కెమెరా పాత గోడలపై, తలుపులపై, వీధి గుర్తులపై మెల్లగా నడుస్తుంది. కళాకారుల పేర్లు అక్కడ సుద్దగీతలవలె వ్రాసి ఉంటాయి. ప్రేక్షకుడు కన్నీరు తుడుచుకొనేందుకు వ్యవధి దొరుకుతుంది. నాంది ఎంత అవసరమో భరతవాక్యం కూడా అంత అవసరమని ఆయన గ్రహించినాడు.

1960ల చివరినుండి ఆయన ప్రస్తావనలకు దాదాపు దూరమైనాడు. అనుకరించేవారు పెరిగి, కథతో పొత్తు లేని ఆడంబరం పేర్లలో చోటుచేసుకొన్నది. ఆయన దృష్టి వ్యాపార చిహ్నాల మీదికి, సొంత చిత్రాల మీదికి మళ్ళినది. 1969లో బెల్ టెలిఫోన్ సంస్థ గంట గుర్తును సరళం చేసి తీర్చినాడు. 1974లో యునైటెడ్ విమానసంస్థకు, 1983లో ఏటీ అండ్ టీ సంస్థకు చిహ్నాలు కల్పించినాడు. ఆయన తీసిన వై మాన్ క్రియేట్స్ అనే లఘుచిత్రం 1968 సంవత్సరానికి ఆస్కార్ బహుమతి పొందినది.

పూర్తి నిడివి కథాచిత్రానికి మాత్రం ఆయన ఒక్కసారే దర్శకత్వం వహించినాడు. 1974 నాటి ఫేజ్ ఫోర్‌లో ఎడారిలోని చీమలు ఒక్కటై మానవునిపై పోరాడతాయి. చిత్రం ఆదరణ పొందలేదు. ఆయన ఎంతో శ్రమతో కూర్చిన ముగింపు ఘట్టాన్ని నిర్మాణసంస్థ కత్తిరించి వేసినది. ఆ భాగం 2012లో మరల వెలుగు చూసి ప్రదర్శింపబడినప్పటికి ఆయన కన్నుమూసి పదహారేళ్ళు గడచినవి. రెండు నిమిషాలలో కథాసారం చెప్పగలవాడు గంటన్నర కథను నిలుపలేకపోయినాడని కొందరన్నారు. ఆయన కూర్చినట్లుగా ఆ కథను లోకం చూడనే లేదన్నది కూడా నిజమే.

వృద్ధాప్యంలో ఆయనను మరల తెరకు పిలిచినవారిలో మార్టిన్ స్కోర్సీజీ ఒకడు. బాల్యంనుండి బాస్ పేర్ల వరుసలు చూచి పెరిగిన దర్శకుడాయన. 1990నుండి 1995 వరకు ఆయన చిత్రాలు నాలుగింటికి దంపతులిద్దరూ ప్రస్తావనలు చేసినారు. గుడ్‌ఫెల్లాస్‌లో పేర్లు వేగంగా పోయే కార్లవలె దూసుకొనిపోతాయి. ది ఏజ్ ఆఫ్ ఇన్నొసెన్స్‌లో దస్తూరి, లేసు అల్లికల మాటున పూలు ఒకటి తరువాత ఒకటి విచ్చుకొంటాయి. మర్యాదల తెర వెనుక అణగిన కోరికల కథ అది. కాసినోలో మంటలలో ఎగిరిపడిన ఒక మనిషి జూదపు నగరం దీపాలలోకి రాలుతూ పోతాడు. అదే ఆయన చివరి పని. 1996 ఏప్రిల్ 25వ తేదీన, తన డెబ్బది ఆరవ యేట, లాస్ ఏంజిలిస్‌లో ఆయన కన్నుమూసినాడు.

నేడు ఇంటిలో కూర్చుండి చిత్రాలు చూచేవారికి పేర్ల భాగాన్ని దాటవేసే మీట ఒకటి అమర్చి ఉన్నది. నాటి మూసిన పరదాయే మరొక రూపంలో తిరిగివచ్చినట్లున్నది. ఆ మీట నొక్కకుండా ఒక్కసారి వర్టిగో తొలి మూడు నిమిషాలు చూడవలసినదని పాఠకులకు మనవి. సూత్రధారుడు తెర చాటుకు తప్పుకొన్న తరువాత కూడా ఆయన వేసిన సుడి కథ ముగిసేదాకా మనలో తిరుగుతూనే ఉంటుంది.