మేకపాల ఋణం – షార్ల్ ద ఫూకో జీవితం

మత ప్రచారకుల జీవితాలు చదివేటప్పుడు, ఎంతమందిని తమ మతంలో కలుపుకున్నారన్న లెక్క మీదకే ముందు మన దృష్టి పోతుంది. ఆ లెక్కన షార్ల్ ద ఫూకోది ఓడిపోయిన జీవితమే. సహారా ఎడారిలో, ముస్లిములైన తువారెగ్ జాతి మధ్య పదకొండేళ్ళు ప్రార్థన చేసుకుంటూ బ్రతికినా, ఆయన చుట్టూ క్రైస్తవ సంఘమంటూ ఏర్పడలేదు. అయినా లోకం ఆయన్ని మరచిపోలేదు.

1858 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో కలవారింట పుట్టాడు. ఆరో ఏట తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే తాతగారు పెంచారు. యౌవనంలో దైవభక్తి పోయింది. సైన్యంలో అధికారిగా చేరి ఆస్తిని విలాసాలకి తగలేశాడు. 1882లో ఉద్యోగం వదిలేసి, మరుసటి ఏడు మొరాకో దేశానికి బయల్దేరాడు. అప్పట్లో అక్కడ క్రైస్తవుడు తిరగడమంటే ప్రాణాపాయం. అందుకని యూదు మతగురువు వేషం వేసి, అరచేతిలో దాగేటంత పుస్తకంలో వివరాలు రాసుకుంటూ, అక్షాంశ రేఖాంశాలు కొలుస్తూ వేల కిలోమీటర్లు తిరిగాడు. ఈ కృషికి 1885లో పారిస్ భౌగోళిక సంఘం బంగారు పతకం ఇచ్చింది. సైన్సు విద్యార్థులం మనం ఇంతవరకు చదివే ఆయనకి నమస్కారం పెట్టవచ్చు.

అయితే ఆ ప్రయాణంలో ఆయన కొలవలేనిది ఒకటి కనబడింది. పనులన్నీ ఆపి నమాజు చేసుకునే ముస్లిముల్ని చూసి ఆయన మనసు కదిలిపోయింది. 1886లో పారిస్‌లో తిరిగి క్రైస్తవ విశ్వాసానికి వచ్చాడు. ట్రాపిస్టు సన్యాసిగా కొన్నేళ్ళు, నజరేతులో కన్యాస్త్రీల మఠం దగ్గర పనివాడిగా కొన్నేళ్ళు గడిపాడు. 1901లో గురుపట్టం పొంది అల్జీరియాలోని బెని అబ్బెస్ చేరాడు. అక్కడ డబ్బిచ్చి కొందరు బానిసల్ని విడిపించాడు. బానిసత్వాన్ని చూస్తూ ఊరుకున్న తన దేశపు అధికారుల్ని తప్పుపట్టాడు.

1905లో హొగ్గార్ కొండల్లోని తమన్‌రాసెట్ వెళ్ళాడు. అప్పటికి అది ఇరవై గుడిసెల ఊరు. ప్రసంగాలు చేయకుండా వాళ్ళ భాష నేర్చుకున్నాడు, మందులిచ్చాడు. తర్వాత కరువొచ్చింది. 1908 జనవరిలో ఆయన జబ్బుపడి లేవలేని స్థితికి వచ్చాడు. అప్పుడు ఆ తువారెగ్‌లు నాలుగు కిలోమీటర్ల మేర ఏ మేక దగ్గర కాసిని పాలున్నాయో వెతికి, పితికి తెచ్చి తాగించారు. కరువులో చెంబెడు పాల విలువేమిటో మాలాంటి వ్యవసాయ కుటుంబాల వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. సొంత పిల్లల నోటి దగ్గరవి తీసి ఇచ్చినట్టే. ఇవ్వడానికి వచ్చినవాడు పుచ్చుకోవడం నేర్చుకున్నాడు. ఇరుగుపొరుగు అన్నమాటకి అర్థం అక్కడ పుట్టిందని నాకనిపిస్తుంది.

ఆ ఋణం ఆయన అక్షరాలతో తీర్చాడు. తువారెగ్‌ల పాటలు, పద్యాలు వేల పాదాలు సేకరించాడు. ఆయన కూర్చిన తువారెగ్-ఫ్రెంచి నిఘంటువు 1951-52లో నాలుగు సంపుటాలుగా, 2,000 పేజీలకి పైగా, ఆయన చేతిరాతతోనే అచ్చయింది.

ఆయనలో లోపం లేదని కాదు. ఫ్రెంచి పాలన ఆ ప్రజలకి మేలే చేస్తుందని నమ్మాడు. సైన్యంతో స్నేహం వదల్లేదు. ప్రపంచయుద్ధకాలంలో ఊరివాళ్ళ రక్షణకని కట్టించిన చిన్న కోటలో తుపాకులు కూడా ఉన్నాయి. 1916 డిసెంబరు 1న దాడికొచ్చిన ముఠా ఆయన్ని బయటికి రప్పించి కట్టేసింది. ఆ గందరగోళంలో కాపలా ఉన్న కుర్రవాడు తుపాకి పేల్చాడు. ఫూకో అక్కడికక్కడే చనిపోయాడు.

బ్రతికుండగా ఆయన వెంట నిలిచిన శిష్యుడు ఒక్కడూ లేడు. 1933లో మాత్రం ఆయన దారిలో యేసు చిన్న సోదరుల సంఘం పుట్టింది. 2022 మే 15న రోములో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. నా మటుకు వీటన్నిటికన్నా పెద్దది మరొకటుంది. ఆయన చావు కబురు విని, తువారెగ్ నాయకుడు మూసా అగ్ అమస్తాన్ ఫూకో చెల్లెలికి ఉత్తరం రాశాడు. దేవుడు ఆయన్ని కరుణించాలని, తామిద్దరూ స్వర్గంలో కలుసుకోవాలని అందులో కోరుకున్నాడు. ముస్లిముల ప్రార్థన చూసి దేవుణ్ణి వెతుక్కున్న ఆ క్రైస్తవుడి కోసం, చివరికి ఒక ముస్లిము ప్రార్థన చేశాడు.