వీరనారి చిట్యాల ఐలమ్మగారి జీవితము

రాయికోడునందు జరుగు ఈ వార్షిక మహాసభకు ప్రత్యేక సంచిక వెలువరింపదలచినపుడు, మన రజకకులమున జన్మించినవారిలో ఎవరి చరిత్రము వ్రాయవలయునను విషయమున మాకు సందేహము కలుగలేదు. పాలకుర్తి ఐలమ్మగారి పేరు నేడు తెలంగాణమున తెలియనివారు లేరు. ఆమె పేరునకు ముందున్న చాకలి అను మాటను తొలగింపవలయునని మనవారిలో కొందరందురు. ఆ మాటను నీచార్థమున వాడినవారి గడీలు కూలినవిగాని, ఆ మాటకు వచ్చిన లోపమేమియు లేదని మా అభిప్రాయము.

ఐలమ్మగారు నేటి వరంగల్లు జిల్లా రాయపర్తి మండలమునందలి కృష్ణాపురమున ఓరుగంటి మల్లమ్మ, సాయిలు దంపతులకు జన్మించెను. జన్మసంవత్సరము 1895 అని ప్రసిద్ధి. పాలకుర్తి నివాసియగు చిట్యాల నరసింహగారిని వివాహమాడి, కులవృత్తితో సంసారము నీడ్చుకొనుచు బిడ్డలను పెంచెను.

ఆ కాలపు కులవృత్తి యనగా నేమో నేటి యువకులకు కొంత చెప్పవలసియున్నది. నిజాము రాజ్యమున మనవారు దొరల బట్టలుదుకుట మాత్రముతో విడుదల పొందలేదు. గడీలో అంట్లు తోమవలెను. పెండ్లి వచ్చిన పసుపు కారము దంచవలెను. గ్రామమునకు వచ్చిన సర్కారు నౌకర్లకు పరిచర్య చేయవలెను. కూలి అడుగుట నేరము. దీనికే వెట్టి యని పేరు. కుమ్మరికి కుమ్మరి వెట్టి, మంగలికి మంగలి వెట్టి, మాదిగకు అన్నింటికంటె బరువైన వెట్టి. అప్పు తీర్చలేక తండ్రి తరువాత కొడుకు దొర యింటనే పనిచేయు భగేలాల స్థితి మరింత హీనము. దొర యెదుట పేదవాడు తన్ను చెప్పుకొను బాంచ అను మాటకు అర్థమే బానిస.

దీనిని మాన్పుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్రజనసంఘమువారు, అందు ముఖ్యముగ మాడపాటి హనుమంతరావుగారు, వెట్టికి వ్యతిరేకముగ కృషిచేసిరి. 1930లో మన రాయికోడునకు సమీపమునగల జోగిపేటయందే సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. 1936లో భగేలా ఒప్పందములను గూర్చి సర్కారు శాసనమునుకూడ చేసెను. కాని గ్రామమున శాసనము నమలు జరుపవలసినవారెవరు? పటేలు, పట్వారీ. వెట్టివలన లాభము పొందువారెవరు? వారును, వారి వెనుకనున్న దేశముఖులును. కావున కాగితము కాగితముగనే యుండిపోయెను.

పాలకుర్తి ప్రాంతమున విస్నూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డిగారి మాటయే చట్టము. ఆయన అధీనమున 40,000 ఎకరముల భూమి యుండెనని చెప్పుదురు. ఐలమ్మగారు మల్లంపల్లి భూస్వామి కొండలరావుగారి భూమిని కౌలునకు గొని సేద్యము మొదలుపెట్టెను. చాకలి స్త్రీ రైతగుట పట్వారీ శేషగిరిరావునకు గిట్టలేదు. తన పొలమున వచ్చి వెట్టిచేయవలయునని కబురంపగా ఆమె నిరాకరించెను. అంతకుముందే ఆమె కుటుంబము, జనులు సంగమని పిలుచుచుండిన ఆంధ్రమహాసభలో చేరియుండెను. అంతట ఐలమ్మ కుటుంబముపైనను, సంగము నాయకులపైనను తప్పుడు కేసు పెట్టబడెను. దేశముఖు ఆ భూమియే తనదనెను. న్యాయస్థానమున ఆమెయే గెలిచెను.

మేము ఈ ఘట్టముకడ కొంచెము నిలువగోరుచున్నాము. అమెరికా దేశమున కొత్త సీమలకు బానిసత్వము వ్యాపింపవచ్చునా కూడదా యని ఉత్తర దక్షిణ రాష్ట్రములు పలు సంవత్సరములు వాదులాడినవి. 1857లో అచ్చటి అత్యున్నత న్యాయస్థానము డ్రెడ్ స్కాట్ అను నల్లజాతి బానిస వ్యాజ్యమున, అతడు పౌరుడే కాడని తీర్పు చెప్పెను. రాజీమార్గములు మూసికొనిపోగా 1861లో అంతర్యుద్ధము పుట్టెను. అచ్చట తీర్పు బానిసకు ప్రతికూలము. ఇచ్చట తీర్పు అనుకూలమే. కాని ఆ తీర్పునకు పొలము గట్టు దాటు శక్తి లేకపోయెను.

ఎట్లన, తీర్పు వచ్చిన పిమ్మటనే దేశముఖు పంట కోసికొని రమ్మని వందమంది గూండాలను, మరియు తన పనివారిని పొలముమీదికి పంపెను. భీమిరెడ్డి నరసింహారెడ్డిగారు మొదలుగా సంగము కార్యకర్తలు 28 మంది కర్రలు చేతబట్టి యెదురుగా నిలిచిరి. గూండాలు పారిపోయిరి. వరి కోయబడి, ధాన్యము ఐలమ్మగారి యింటికే చేరెను. ఆ నిలిచినవారిలో మనకులమువారు కానివారే ఎక్కువ, దొరల కులమున పుట్టినవారును కలరు. కులసంఘపు సంచికలో ఈ మాట వ్రాయుట ధర్మమని తలచితిమి.

పగ తీరని దేశముఖు మనుష్యులు ఆమె యిల్లు తగులబెట్టిరి, ధాన్యము దోచిరి. ఆమె కుమార్తెకు జరిగిన ఘోరమును వ్రాయ మా కలము వెనుదీయుచున్నది. సంగము నాయకులు పట్టుబడి చిత్రహింసల పాలైరి. ఆమె కుమారులు పట్వారీ యింటిని కూల్చి ఆ తావున మొక్కజొన్న వేసిరని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. ఇంతజరిగినను ఐలమ్మగారు భూమి విడువలేదు.

1946 జులై 4వ తేదీన కడివెండి గ్రామమున అదే దేశముఖు గడీనుండి వచ్చిన తుపాకి గుండుకు కురుమకులజుడగు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. కర్రలకు బదులు ఒడిసెలలు, పిమ్మట తుపాకులు వచ్చినవి. రజాకార్ల దౌర్జన్యములు, 1948 సెప్టెంబరున భారత సైన్యప్రవేశము, ఆ తరువాత ఆ సైన్యముతోనే పోరు. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1951 అక్టోబరున పోరాటము విరమింపబడునాటికి 4,000 మంది ప్రాణములు గోలుపోయిరని నాయకుల లెక్క.

పిదప ఐలమ్మగారు పదవులు కోరక, సామాన్య స్త్రీవలెనే కాలము గడపెను. వెట్టిచాకిరిని దేశమంతటను నిషేధించు 1976వ సంవత్సరపు చట్టమును ఆమె బ్రతికియుండి చూచెను. 1985 సెప్టెంబరు 10వ తేదీన ఆమె స్వర్గస్థురాలయ్యెను. ఇపుడు ఆమె జయంతిని రాష్ట్ర ప్రభుత్వము సెప్టెంబరు 26వ తేదీన జరుపుచున్నది. 2024లో హైదరాబాదు కోఠీయందలి మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరిడుటకు నిర్ణయించిరి. పూర్వము నిజాము దర్బారునకు ఆంగ్లేయులు పంపిన రెసిడెంటు నివసించిన భవనము ఆ ఆవరణలోనే యున్నది.